ట్యాంకు నుంచి జెట్టు దాకా: పాత కార్లకు పెట్రోలు ఎక్కడ ఆగుతుంది?

పాత కారు దారిలో ఆగిపోతే చుట్టూ చేరినవాళ్లలో ఒకరు కార్బొరేటర్లో చెత్త పట్టిందంటారు. ఒకరు పంపు పోయిందంటారు. ఇంకొకరు ఎండకు ఎయిర్ లాక్ అయిందంటారు. ఈ మధ్య నాలుగో మాట కూడా వినబడుతోంది: పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, అంతా దానివల్లే అని. నాలుగు మాటల్లోనూ నిజం ఉంది. చిక్కల్లా ఈ నాలుగు లోపాలూ బయటికి ఒకేలా కనబడటంలో ఉంది. బండి జర్కులిస్తుంది, పికప్ పోతుంది, చివరికి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది.

అందుకే చాలా షెడ్లలో ముందు కార్బొరేటర్ మీద చెయ్యి పడుతుంది. విప్పి, కడిగి బిగిస్తే కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత మళ్లీ అదే తంతు. అప్పుడు పంపు మారుస్తారు, ఆపైన కాయిల్, ఆపైన ట్యాంకు. డబ్బు ఖర్చవుతుంది, ఇక దొరకని ఒరిజినల్ భాగాలు పాతసామాన్లలోకి పోతాయి, లోపం ఎక్కడ పుట్టిందో మాత్రం తేలదు.

తయారీదార్ల మాన్యువల్స్ చెప్పేది, మెకానిక్కుల అనుభవం చెప్పేది, ఇంధన రసాయనం చెప్పేది పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. మూడూ కలిపి చదివితే ఒక మాట గట్టిగా తేలుతుంది. లోపం పుట్టేది ఒకచోట, కనబడేది మరోచోట. పెట్రోలు నడిచే దారిని వరసగా పరీక్షించి రుజువు చేసుకున్నాకే ఏ భాగాన్నైనా మార్చాలి.

కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని వాహనాన్ని ‘వింటేజ్’గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. తొలినాటి అంబాసిడర్లు, ఫియట్ 1100లు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డులు ఇప్పటికే ఆ గీత దాటాయి. ఇక్కడి చర్చ ఎక్కువగా ఆ తరం కార్ల గురించే.

దారి ఎలా మారింది?

1893లో విల్హెల్మ్ మేబాక్ ఫ్లోటుతో పనిచేసే స్ప్రే కార్బొరేటర్‌ను రూపొందించాక, పెట్రోలును అక్కడిదాకా చేర్చడం ఎలా అన్నది ఇంజినీర్ల ముందున్న ప్రశ్న అయింది. మొదటి జవాబు భూమ్యాకర్షణ. ఫోర్డ్ మోడల్ టీలో ట్యాంకు సీటు కింద ఉండేది. పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారు ఎత్తు ఎక్కితే కార్బొరేటర్ ట్యాంకు కంటే పైకి పోయి సరఫరా తెగిపోయేది. అందుకే డ్రైవర్లు బండి తిప్పుకుని రివర్సులో కొండలెక్కేవారు.

రెండో జవాబు గాలి ఒత్తిడి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తరం కార్లలో ట్యాంకులోకి గాలి కొట్టి, ఆ ఒత్తిడితో పెట్రోలును ముందుకు తోసేవారు. బయల్దేరే ముందు చేతిపంపు, నడిచేటప్పుడు ఇంజన్ తిప్పే చిన్న గాలిపంపు ఈ పని చేసేవి. మూడోది ఆటోవాక్ వంటి వాక్యూమ్ ట్యాంకు. ఇంజన్ పీల్పుతో పెట్రోలును ముందున్న చిన్న ట్యాంకులోకి లాగి, అక్కడి నుంచి కార్బొరేటర్‌లోకి దించేవారు. చివరికి నిలిచినవి రెండు. ఒకటి ఇంజన్ పక్కన బిగించి, క్యామ్‌షాఫ్టు కదిలించే మెకానికల్ డయాఫ్రమ్ పంపు. రెండోది ఎస్‌యూ కంపెనీది వంటి ఎలక్ట్రిక్ పంపు.

మరమ్మతులో ఈ చరిత్రకు నేరుగా పని ఉంది. సిల్వర్ ఘోస్ట్ ట్యాంకు మూత గాలి చొరకుండా బిగిసి ఉండాలి. లేకపోతే ఒత్తిడి నిలవదు, పెట్రోలు కదలదు. అంబాసిడర్‌కు సరిగ్గా తలకిందులు. ట్యాంకులోకి గాలి వెళ్లకపోతే పెట్రోలు బయటికి రాదు. ఒక కారుకు మందైనది మరో కారుకు జబ్బు. కాబట్టి చేతిలో ఉన్న బండిది ఏ పద్ధతో తెలుసుకోవడం మొదటి మెట్టు.

మొదటి తగువు: పెట్రోలా, కరెంటా?

కార్బొరేటర్ మీద పడే నిందల్లో చాలావరకు నిజానికి డిస్ట్రిబ్యూటర్‌వే అన్నది అనుభవం గల మెకానిక్కుల మాట. దీన్ని తోసిపుచ్చడానికి లేదు. వేడెక్కిన కండెన్సర్, లోపల తీగ విరిగిన కాయిల్ ఇంజన్‌ను అచ్చం పెట్రోలు అందనట్టే ఆపుతాయి. చల్లారాక మళ్లీ పనిచేస్తాయి.

రెండింటికీ తేడా పట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. కరెంటు పోతే ఇంజన్ స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోలు తగ్గితే ముందు పికప్ పోయి, బండి లాగుతూ వదులుతూ, తర్వాత చస్తుంది. ఆ సమయంలో చోకు లాగితే కాస్త కోలుకుందంటే ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదన్నమాట. ప్లగ్గులు విప్పితే పొడిగా తెల్లగా ఉండటం కొరతకు గుర్తు, తడిగా నల్లగా మసి పట్టి ఉండటం ఎక్కువైనదానికి గుర్తు. యాక్సిలరేటర్ పంపు ఉన్న సోలెక్స్ రకం కార్బొరేటర్లలో ఇంకా తేలిక. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, థ్రాటిల్ తిప్పితే గొంతులోకి పెట్రోలు సన్నగా చిమ్మాలి. చిమ్మిందంటే ఫ్లోటు గదిలో పెట్రోలు ఉన్నట్టే.

ఈ పరీక్షలన్నీ బండి ఆగిన నిమిషంలోనే చేయాలి. షెడ్డుకు తోసుకెళ్లేసరికి కండెన్సర్ చల్లారుతుంది, ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది, ట్యాంకులోకి గాలి చేరుతుంది. సాక్ష్యాలన్నీ పోతాయి. ఆగీ ఆగీ వచ్చే లోపాలు షెడ్డులో దొరక్కపోవడానికి కారణం ఇదే.

ట్యాంకు, పైపులు: ఎవరూ చూడని మొదటి సగం

మాన్యువల్స్ ట్యాంకుకు నాలుగు పంక్తులు, కార్బొరేటర్‌కు నాలుగు పేజీలు ఇస్తాయి. ఆ పుస్తకాలు రాసిననాడు కార్లు కొత్తవి. నేటి కార్లకు ఆ నిష్పత్తి తలకిందులు కావాలి. అర్ధశతాబ్దం నిలిచిన ట్యాంకులో తుప్పు, జిగురు, అడుగున నీరు ఉంటాయనుకునే పని మొదలుపెట్టాలి.

మొదట చూడాల్సింది గాలి రంధ్రం. అది మూసుకుపోతే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం పెరుగుతుంది, పంపు లాగలేకపోతుంది. బండి కొన్ని కిలోమీటర్లు నడిచి ఆగుతుంది. మూత తిప్పగానే ‘స్‌స్’ మని గాలి లోపలికి పోయి, బండి మళ్లీ స్టార్టయిందంటే రోగం దొరికినట్టే. ఎక్కడో దొరికిన వేరే కారు మూత పెట్టుకున్న బండ్లలో ఈ లోపం తరచు కనబడుతుంది.

రెండోది ట్యాంకులోని పీల్చే గొట్టం. తుప్పు పొరలు, పాత సీలెంట్ ముక్కలు పెట్రోలుతోపాటు కదిలి గొట్టం మూతికి అడ్డం పడతాయి. ఇంజన్ ఆగి పీల్పు పోగానే జారి కిందికి పోతాయి. ఇదీ కాసేపటికి మళ్లీ స్టార్టయ్యే లోపమే. అంటే మూసుకున్న గాలి రంధ్రం, ట్యాంకులో తేలే చెత్త, వేడెక్కిన కండెన్సర్, ఆవిరి అడ్డు అనే నాలుగు వేర్వేరు కారణాలకు లక్షణం ఒక్కటే. లక్షణాన్ని బట్టి భాగం మార్చేవాళ్లు నాలుగింట మూడుసార్లు తప్పు భాగం మారుస్తారన్నా అతిశయోక్తి కాదు.

మూడోది రబ్బరు గొట్టం. పంపు దాకా ఉన్న దారిలో పెట్రోలు పీల్పు మీద నడుస్తుంది. అక్కడ గొట్టానికి సన్నటి పగులు ఉంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద చుక్క పడలేదు కాబట్టి గొట్టం బాగుందనుకోవడం పొరపాటు. పైకి నిగనిగలాడే గొట్టం లోపలి పొర ఊడి, తలుపులా దారికి అడ్డం పడటమూ ఉంది. మారిస్తే అన్ని రబ్బరు ముక్కలూ ఒకేసారి మార్చాలి. గొట్టాన్ని గాలితో ఊదాలంటే ముందు పంపు వైపు కనెక్షన్ విప్పి, ట్యాంకు మూత తీసి, వెనక్కి ఊదాలి. పంపు తగిలించి ఉండగా కంప్రెసర్ గాలి కొడితే వాల్వులు, డయాఫ్రమ్ పాడవుతాయి.

పంపు: కొలిస్తేనే తెలుస్తుంది

పంపు పనిచేస్తోందా అంటే చాలామంది పైపు విప్పి సెల్ఫ్ కొట్టి, పెట్రోలు చిమ్మింది కాబట్టి బాగుందంటారు. ఆ జవాబు చాలదు. ఎంత చిమ్మిందన్నదే ప్రశ్న.

లెక్క చూద్దాం. సుమారు 50 హార్స్‌పవర్ ఇచ్చే అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ పూర్తి శక్తితో లాగేటప్పుడు గంటకు 16, 17 లీటర్ల పెట్రోలు తాగుతుంది. అంటే నిమిషానికి పావు లీటరు పైమాటే. అదే ఇంజన్ ఐడిలింగ్‌లో గంటకు లీటరు చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. కాబట్టి సగం శక్తి పోయిన పంపుతో కూడా బండి ఊళ్లో హాయిగా తిరుగుతుంది. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో సెకండ్ గేర్‌లో లాగినప్పుడు ఫ్లోటు గది ఖాళీ అవుతుంది. ఎత్తు మీదే ఆగే బండికి కార్బొరేటర్ ట్యూనింగ్ ఎన్నిసార్లు చేయించినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

పరీక్ష కష్టం కాదు. కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి కొలత గీతలున్న సీసాలోకి పెట్టాలి. ఫ్లోటు గదిలో మిగిలిన పెట్రోలుతో ఇంజన్‌ను అర నిమిషం ఐడిలింగ్‌లో నడిపి ఎంత వచ్చిందో చూడాలి. చిన్న ప్రెషర్ గేజ్ తగిలిస్తే ఒత్తిడీ తెలుస్తుంది. ఆ తరం మెకానికల్ పంపుల్లో అది సాధారణంగా చదరపు అంగుళానికి 2 నుంచి 4 పౌండ్లు. పరిమాణం తగ్గి ఒత్తిడి బాగుంటే అడ్డు పంపుకు వెనక ఉంది. రెండూ తగ్గితే డయాఫ్రమ్, వాల్వులు, లేదా క్యామ్ మీద ఆడే లీవరు అరిగినట్టు. ఇంజన్ ఆపగానే ఒత్తిడి జారిపోతే వాల్వు కూర్చోవడం లేదు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడటం కూడా తప్పనిసరి. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఆయిల్ చాంబర్లోకి దిగుతుంది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.

ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు తన సంగతి తనే చెబుతుంది. స్విచ్ ఆన్ చేయగానే టకటకా కొట్టి, ఫ్లోటు గది నిండాక ఆగాలి. ఆగకుండా వేగంగా కొడితే పెట్రోలు బదులు గాలి లాగుతోంది. ఇంజన్ నడవకుండానే ఉండుండి కొడుతుంటే ఫ్లోటు గది నీడిల్ వాల్వు లీకవుతోంది, లేదా పంపు వాల్వే నిలవడం లేదు. అసలు కొట్టకపోతే పాయింట్లు కాలిపోయి ఉండవచ్చు, కరెంటు అందకపోవచ్చు.

మెకానికల్ పంపు తీసేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టాలా అన్న వాదం ఎప్పటినుంచో ఉంది. పెట్టాలనేవాళ్ల వాదన బలమైనదే. వారాల తరబడి నిలిచిన బండికి స్టార్టింగ్ తేలికవుతుంది, ట్యాంకు దగ్గర్నుంచి తోస్తుంది కాబట్టి ఆవిరి అడ్డు తగ్గుతుంది. వద్దనేవాళ్లు చెప్పే ప్రమాదమూ నిజమే. మెకానికల్ పంపు ఇంజన్‌తోపాటే ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపు, ప్రమాదం జరిగి పైపు తెగినా స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఢీకొంటే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్ పెట్టకుండా ఎలక్ట్రిక్ పంపు పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇంజెక్షన్ కార్ల పంపులు అసలే పనికిరావు. వాటి ఒత్తిడి పాత నీడిల్ వాల్వు ఆపగలిగినదానికి పదింతలు ఉంటుంది. అన్నిటికీ మించి, వెనక మూసుకున్న దారిని వదిలేసి బలమైన పంపు పెట్టడం వైద్యం కాదు.

ఫ్లోటు గది, జెట్టు

ఫ్లోటు గది ఇంటి మీది నీళ్ల ట్యాంకులో బంతి వాల్వులా పనిచేస్తుంది. పెట్రోలు నిండితే ఫ్లోటు లేచి నీడిల్‌ను మూస్తుంది, తగ్గితే దిగి తెరుస్తుంది. నీడిల్ మొన అరిగితే, దాని కింద చిన్న తుప్పు రేణువు ఇరుక్కుంటే ఓవర్‌ఫ్లో. ఇత్తడి ఫ్లోటుకు అతుకు దగ్గర చిల్లుపడి లోపలికి పెట్రోలు చేరితే అది బరువెక్కి మునుగుతుంది. అప్పుడూ ఓవర్‌ఫ్లోనే. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు తెలుస్తుంది. వేడినీళ్లలో ముంచితే చిల్లున్న చోట బుడగలొస్తాయి. లెవెల్ మరీ తక్కువగా పెడితే ఎత్తులో, మలుపుల్లో కొరత.

అంబాసిడర్లలో కనిపించే ఎస్‌యూ కార్బొరేటర్ వేరే కుదురుది. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు 1905 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ రూపంలో జెట్టు ఒక్కటే. దానిలో సన్నగా కోసుగా దిగే నీడిల్, పైన గాలి పీల్పుకు లేచే పిస్టన్. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత లేస్తుంది, నీడిల్ అంత దారి ఇస్తుంది. అందుకే పిస్టన్ స్వేచ్ఛగా కదలడమే దీనికి ప్రాణం. జెట్టును పూర్తిగా పైకి జరిపి, పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే ‘టక్’మని లోహం తగిలిన చప్పుడు రావాలి. చప్పుడు లేకుండా మెత్తగా ఆగితే నీడిల్ జెట్టు అంచును రాసుకుంటోంది. జెట్టును మళ్లీ మధ్యకు సర్దాలి. పిస్టన్ పైనుండే డ్యాష్‌పాట్‌లో ఆయిల్ ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా లేచి, గాలి ఎక్కువై బండి తటపటాయిస్తుంది. దీన్ని పంపు లోపమనుకుని ఎన్నో పంపులు మార్చారు.

మిశ్రమం సరిగా ఉందో లేదో ఈ కార్బొరేటరే చెబుతుంది. వేడెక్కిన ఇంజన్‌ను ఐడిలింగ్‌లో ఉంచి, పిస్టన్‌ను మిల్లీమీటరు లోపు పైకెత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. వెంటనే పడిపోతే తక్కువ. కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. జెట్టు కింది నట్టును ఒక్కసారి ఒక్క ముఖం చొప్పున మాత్రమే తిప్పాలి.

సోలెక్స్ రకాల్లో ఒక్కో పనికి ఒక్కో జెట్టు. ఐడిలింగ్ నిలవక, స్పీడు మీద బాగా నడిచే బండికి పైలట్ జెట్టు మూసుకున్నట్టు. ఇక్కడ జరిగే పెద్ద తప్పు రంధ్రాన్ని తీగతో పొడవడం. ఇత్తడి మెత్తనిది. 1.20 మిల్లీమీటర్ల జెట్టు 1.26కు అరిగితే వ్యాసంలో పెరిగింది ఐదు శాతమే, వైశాల్యంలో మాత్రం పది శాతం. ఆ జెట్టు ఇక ఎప్పటికీ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ద్రావకంలో నానబెట్టి గాలితో ఊదాలి.

కార్బొరేటర్‌ను నిందించే ముందు మ్యానిఫోల్డు ప్యాకింగు, థ్రాటిల్ స్పిండిల్ అరుగుదల కూడా చూడాలి. అక్కడి నుంచి గాలి దూరినా ఇంజన్ పెట్రోలు అందనట్టే ప్రవర్తిస్తుంది.

వేడి: ఒక పేరు, రెండు రోగాలు

మన దగ్గర ఎండాకాలం ఆగిన ప్రతి కారుకూ ‘ఎయిర్ లాక్’ అనే పేరే పెడతారు. నిజానికి ఇందులో రెండు వేర్వేరు రోగాలున్నాయి.

మొదటిది నడుస్తుండగా వచ్చేది. పెట్రోలు అనేక ద్రవాల మిశ్రమం. అందులో తేలికవి 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. పీల్పు మీద ఉన్న గొట్టంలో ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ ఇంకా ముందే ఆవిరవుతాయి. డయాఫ్రమ్ పంపు ద్రవాన్ని నెట్టగలదు గాని ఆవిరిని నెట్టలేదు. ఇంజన్‌కు పెట్రోలు అందదు. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో, ట్రాఫిక్‌లో నిలిచిన బండి బానెట్ కింద ఏం జరుగుతుందో ఊహించవచ్చు.

రెండోది ఆపాక వచ్చేది. ఇంజన్ ఆగగానే ఫ్యాన్ ఆగుతుంది, నీళ్లు తిరగవు, ఎగ్జాస్ట్ వేడి పైనున్న కార్బొరేటర్‌కు ఎక్కుతుంది. ఫ్లోటు గదిలో పెట్రోలు ఉడికి మ్యానిఫోల్డులోకి పొంగుతుంది. ఇక్కడ ఇంజన్‌కు పెట్రోలు తక్కువ కాదు, ఎక్కువ. మందులూ వేర్వేరు. మొదటిదానికి పంపు, గొట్టం మీద తడిగుడ్డ వేసి చల్లార్చాలి. రెండోదానికి చోకు ముట్టకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. రెండోదానికి చోకు లాగితే ప్లగ్గులు తడిసి బండి ఇక కదలదు.

శాశ్వత పరిష్కారం ఫ్యాక్టరీ ఇచ్చిన వాటిని తిరిగి పెట్టడంలోనే ఎక్కువగా ఉంది. కార్బొరేటర్ కింద వేడి అడ్డుకునే రేకు, పంపుకు బ్లాకుకు మధ్య ఉండే మందపాటి ఇన్సులేటర్ ముక్క పాత మరమ్మతుల్లో పోతుంటాయి. గొట్టాన్ని ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పడం, రేడియేటర్ శుభ్రం చేయించడం, టైమింగ్ సరిచూడటం మిగతా సగం. చల్లగా నడిచే ఇంజన్‌లో ఆవిరి సమస్య చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

ఇథనాల్: పాత పుస్తకాల్లో లేని అధ్యాయం

2023 ఫిబ్రవరిలో దేశంలో ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది, అమ్మకానికి వచ్చింది. 2025 నాటికి దాదాపు అంతటా అదే దొరుకుతోంది. ఇథనాల్ కలపని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలంటూ వేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి పాత కారు యజమానులు దీనితోనే బతకడం నేర్చుకోవాలి.

ఇథనాల్ ప్రభావాలు మూడు రకాలు. మూడింటి తీవ్రత ఒకటి కాదు. మొదటిది మిశ్రమం పలచబడటం. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 చాలు. కార్బొరేటర్‌కు ఈ సంగతి తెలియదు, జెట్టు ఎంతంటే అంత పోస్తుంది. లెక్క వేస్తే ఈ20తో మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా ఈ0 కోసం రూపొందించి, ఈ10కు సర్దిన కార్లకు ఈ20తో మైలేజీ 6, 7 శాతం తగ్గవచ్చని అంచనా వేసింది. పలచని మిశ్రమం ఇంజన్‌ను వేడెక్కిస్తుంది, పికప్ తీస్తుంది. దీనికి మందు మన చేతిలోనే ఉంది. ఎస్‌యూలో నట్టు తిప్పి జెట్టును కొద్దిగా దించడం, సోలెక్స్‌లో ఒక సైజు పెద్ద జెట్టు వేయడం. ఇంజెక్షన్ లేకపోవడం ఇక్కడ పాత కారుకు లోటు కాదు. స్క్రూడ్రైవరుతో, స్పానరుతో సర్దుకోగల యంత్రం అది.

రెండోది పదార్థాల మీద దాడి. ఇది తీవ్రమైనది. పాత రకం రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఉబ్బి మెత్తబడతాయి. ట్యాంకు లోపల పూసిన పాతకాలపు సీలెంట్లు కరిగి ముద్దలై జెట్టు దాకా వస్తాయి. యుద్ధపూర్వపు కార్లలో బెండు ఫ్లోటుకు లక్క పూత ఉండేది. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. పూత పోయిన బెండు పెట్రోలు తాగి మునుగుతుంది. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న జిగురును కూడా ఇథనాల్ కదిలిస్తుంది. కొత్త పెట్రోలు పోశాక మొదటి వారాల్లోనే ఫిల్టర్లు పదేపదే మూసుకుపోవడానికి కారణం ఇది. మందు ఒకటే: ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరో రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్ కిట్లు, నీడిల్ మొనలు.

మూడోది నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పీల్చే గొట్టం ఉన్నది సరిగ్గా అక్కడే. రోజూ తిరిగే కారులో ఇది జరిగేది తక్కువ. విశాఖలోనో మచిలీపట్నంలోనో వానాకాలమంతా అరట్యాంకుతో షెడ్డులో నిలిచిన కారుకు మాత్రం ప్రమాదం నిజమైనదే. మూడు నెలలు మించి నిలపాలంటే పెట్రోలు పూర్తిగా తీసేసి ఫ్లోటు గది ఆరబెట్టాలి, లేదా ట్యాంకు నిండుగా ఉంచి తుప్పు నిరోధకం కలపాలి.

కాబట్టి ‘అంతా ఇథనాల్ వల్లే’ అన్న మాటా నిలవదు, ‘ఇథనాల్‌తో ఏమీ కాదు’ అన్న మాటా నిలవదు. ఇథనాల్ కొత్త రోగాలు తెచ్చింది కొద్దిగానే. పాత నిర్లక్ష్యాన్ని త్వరగా బయటపెట్టడమే ఎక్కువగా చేస్తోంది.

వరస తప్పకూడదు

ఇన్ని వాదాలను ఒక్క క్రమంలోకి తేవచ్చు. బండి ఆగగానే ముందు స్పార్క్ చూడాలి. స్పార్క్ ఉంటే ట్యాంకు మూత తిప్పి చప్పుడు వినాలి. తర్వాత ఫ్లోటు గదిలో పెట్రోలు ఉందో లేదో చూడాలి. ఉంటే లోపం కార్బొరేటర్‌లోనో గాలి లీకులోనో ఉంది. లేకపోతే నీడిల్ వాల్వు దగ్గరి జల్లెడ, అదీ బాగుంటే పంపు నుంచి వచ్చే పరిమాణం కొలవాలి. అది తక్కువైతే పంపు పీల్పు గొట్టాన్ని ట్యాంకు నుంచి తప్పించి విడిగా ఒక డబ్బాలోని శుభ్రమైన పెట్రోలులో ముంచి మళ్లీ కొలవాలి. ఇప్పుడు బాగా వస్తే పంపు మంచిదే, రోగం ట్యాంకులోనో పైపులోనో ఉంది. రాకపోతే పంపే విప్పాలి. ఈ ఒక్క పరీక్ష దారిని రెండుగా చీల్చి సగం అనుమానాలను ఒక్క దెబ్బతో తీసేస్తుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి, చేసింది రాసిపెట్టాలి.

ఈ పనుల్లో ప్రాణభయం ఉందని మరవకూడదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకి గుంటల్లో నిలుస్తుంది. పెట్రోలు పైపులు విప్పే ముందు ఇంజన్ చల్లారాలి. కరెంటు అక్కర్లేని పనుల్లో బ్యాటరీ వైరు తీసేయాలి. ఇంజన్ తిప్పి చేసే కొలతలు ఆరుబయటే చేయాలి, సీసాను స్పార్క్‌కు దూరంగా పట్టాలి. అగ్నిమాపక సిలిండర్ చేతికందేంతలో ఉండాలి. గొట్టాన్ని నోటితో పీల్చి పెట్రోలు తీయడం ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఆ అలవాటు మన షెడ్లలో పూర్తిగా పోవాలి.

ఇక మిగిలిన పెద్ద ప్రశ్న మనుషులది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ఉద్గార నిబంధనలు వచ్చాక కొత్త మోటార్ సైకిళ్ల నుంచి కూడా కార్బొరేటర్ చాలావరకు తప్పుకుంది. నేడు పని నేర్చుకునే కుర్రవాడికి స్కానర్ తెలుసు, పిస్టన్ ‘టక్’ చప్పుడు తెలియదు. ఆ చప్పుడు తెలిసిన పెద్ద మెకానిక్కులు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. పాత కార్లున్నవాళ్లు వాళ్ల చేత పని చేయించుకోవడంతో ఆగకుండా, పక్కన ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి నేర్పించమని అడగాలి, అందుకు కూలీ ఇవ్వాలి. ఐటీఐలు కార్బొరేటర్‌ను ఐచ్ఛిక పాఠంగానైనా ఉంచాలి. గొట్టాలు, డయాఫ్రమ్‌లు మళ్లీ తయారు చేయించుకోవచ్చు. వరసగా పరీక్షించే ఓపిక, చేతి నేర్పు ఒక తరం చేతుల్లోంచి జారిపోతే వాటిని ఏ కిట్టులోనూ కొనలేం.